పిచ్చమ్మ మొక్కు తీర్చుకున్న శనివారం

మార్కాపురం కోర్టు ఆవరణలో ప్లీడర్ల రేకుల షెడ్లు దాటి మూలకు పోతే, పేదవాళ్లకు, ఆడవాళ్లకు ఫీజు లేకుండా వకీలును ఇచ్చే గది ఒకటి ఉంది. బోర్డు మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతోనే రాసి ఉంటుంది గానీ, ఉచితం అనే మాటను మన జనం అంత తేలిగ్గా నమ్మరు. పిచ్చమ్మ కూడా నమ్మలేదు. తర్లుపాడు వైపునుంచి ఆటోలో వచ్చి మొదటిసారి ఆ గడప ఎక్కిన రోజు ఆమె చంకలో కందుల మూట ఉంది.

"ఇదేందమ్మా?" అంది వకీలు పద్మజ.

"కందులు తల్లీ. కూలికి కొలిచినారు. పుచ్చులు గావు, మంచియ్యే."

"నేను తీసుకోకూడదు. నాకు ప్రభుత్వం ఇస్తుంది."

"సర్కారిచ్చేది సర్కారు పనికి గదా. ఉత్తచేతులతో వస్తే ఉత్తచేతులతోనే పంపిస్తావేమోనని భయపడి తెచ్చినా."

పద్మజకు నవ్వు ఆగలేదు. మూటను గోడవారగా పెట్టించి, కుర్చీ చూపించి, సంగతి చెప్పమంది. పిచ్చమ్మ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

ఆమె కూతురు విజయలక్ష్మి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి చేరింది. మొగుడు వదిలేసిన మనిషి, వానలు లేక రెండేళ్లు చేలల్లో పని దొరక్క, వెళ్లింది. పడమటి ప్రకాశానికి వలస కొత్తేమీ కాదు. మిరపకోతలకు గుంటూరు వైపు, మట్టిపనికి బెంగళూరు, ఏ దారీ లేకపోతే ఏ దారి కనబడితే ఆ దారి. ఒకప్పుడు మనుషులు ఇక్కడే ఉండి రాయి బయలుదేరేది. ఈ నేలలో చీరిన పలకల మీద ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దారు. ఇప్పుడు ఆ పలకలు అడిగేవాళ్లు తగ్గారు, మనుషుల్ని అడిగేవాళ్లు పెరిగారు.

ఆ ఇంట్లో విజయలక్ష్మి ఫోను లాక్కున్నారు. పాస్‌పోర్టు పెట్టెలో పెట్టి తాళం వేశారు. జీతం ఆపేశారు. పక్కింటి వంటామె ఫోనులో దొంగచాటుగా మాట్లాడినప్పుడల్లా, "ఇస్త్రీ పెట్టెతో కాల్చినారమ్మా" అని ఒకసారి, "అన్నం పెట్టడంలా" అని ఒకసారి. ఒకసారి ఏమీ చెప్పకుండా ఏడ్చి పెట్టేసింది.

పంపించిన ఏజెంటు ఏబేలు. ఏజెంటు అనగానే ఎక్కడో పట్నంలో నల్ల కళ్లద్దాల మోసగాడు మన మనసులో మెదులుతాడు. పల్లెల్లో అట్లా ఉండదు. అక్కడ ఏజెంటు తమ్ముడో, బావమరిదో అయి ఉంటాడు. ఏబేలు పిచ్చమ్మకు చిన్నాయన కొడుకు. ఒకే పాలెం, ప్రార్థనకు పోయేదీ ఒకే ఏసుప్రభువు గుడి. పిచ్చమ్మ ముందు అతని దగ్గరికే పోయింది.

"అక్కా, అరబ్బోళ్ల ఇల్లంటే మొదట్లో అట్లనే ఉంటాది," అన్నాడతను. "కొత్త కోడలు అత్తింట్లో ఏడవదా?"

"అత్తింట్లో వాతలు పెట్టరు గదరా, ఏబేలూ!"

"పెట్టే అత్తలు లేరా ఏంది? నువ్వు ఊరంతా చాటబాక. నా పేరు చెడిందంటే ఇంకో పిల్లకు దారుండదు."

ఆ మాట విన్న తరువాతే పిచ్చమ్మ కందుల మూట కట్టుకుని కోర్టుకు వచ్చింది.

పద్మజ పని మొదలుపెట్టింది. కువైట్‌లోని మన ఎంబసీకి రాసింది, ఒంగోలులో కలెక్టరుకు రాసింది, లైసెన్సు లేకుండా ఆడవాళ్లను పంపుతున్నారని, ఎవరి పేరూ పెట్టకుండా, పోలీసులకు రాసింది. జవాబులు నెలల తరబడి నడిచి వచ్చాయి. చివరికి తేలిందేమిటో పిచ్చమ్మకు అర్థమయ్యేట్టు చెప్పింది: "నీ బిడ్డ ఎట్లాగైనా మన ఎంబసీ గేటు దాటి లోపల అడుగు పెడితే, తరువాత పని వాళ్లు చూసుకుంటారు. అడుగు పెట్టకముందు బయట దొరికితే మాత్రం, పారిపోయిందని కేసు పెడతారు. ఆ రెంటి మధ్యలోనే ఉంది ప్రమాదమంతా."

ఆ మధ్యలోకి విజయలక్ష్మి ఒక శుక్రవారం అడుగు పెట్టింది. ఇంటివాళ్లు బయటికి పోయినప్పుడు చెత్త సంచి పారేయడానికని గేటు దాటింది. సంచిని తొట్టిలో వేసింది, మళ్లీ వెనక్కి రాలేదు. పక్కింటి వంటామెకు తెలిసిన రాయచోటి వైపు మనిషి, హరిబాబు అనే డ్రైవరు, అతని భార్య ఆమెను తమ గదిలో దాచారు. అక్కడ శుక్రవారం, శనివారం సెలవు. ఆదివారం పొద్దున ఎంబసీ తెరిచే వేళకు తన కారులో దింపుతానని హరిబాబు మాటిచ్చాడు.

హరిబాబు ఫోనునుంచి బిడ్డ ఈ సంగతులన్నీ చెప్పగానే పిచ్చమ్మ పద్మజ ఇంటికి పరుగెత్తింది.

"రేపొక్కరోజు నోరు కట్టేసుకో," అంది పద్మజ. "ఎవరికీ చెప్పొద్దు. ఏబేలు చెవిన అసలే పడకూడదు."

"నా నోట్లో మన్ను బోసుకుంటాగానీ చెప్పను తల్లీ."

ఆ మాట ఆమె నిజంగానే అన్నది. అయితే పిచ్చమ్మ అంతకుముందే ఇంకొకరికి ఇంకో మాట ఇచ్చి ఉంది. మిరపచేలో మోకాళ్ల మీద కూర్చుని, "ప్రభువా, నా బిడ్డ ఆ ఇంటి గేటు దాటిందంటే, వచ్చే ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి నీ మేలు చెప్తా" అని మొక్కుకుంది.

శనివారం పాలెం ఆడవాళ్లంతా పనులు మానుకుని గుడిలో ఉపవాసముంటారు. మేలు పొందినవాళ్లు ఒక్కొక్కరే లేచి అది ఎట్లా జరిగిందో సాక్ష్యం చెప్పాలి, మిగతావాళ్లు స్తోత్రం అనాలి. మేలు పొంది దాచుకుంటే ఆ మేలు వెనక్కి పోతుందని అక్కడ గట్టి నమ్మకం. ఫలానామె జ్వరం తగ్గిన సంగతి చెప్పలేదు, తిరగబెట్టింది. ఫలానామె గేదె దొరికిన సంగతి చెప్పలేదు, చచ్చింది. ఇట్లాంటివి అక్కడ ఎన్నో చెప్పుకుంటారు. నవ్వుకోవాల్సిన పని లేదు. శ్రీశైలం నడిచిపోయే స్వాములను దోర్నాల దగ్గర ఆపి, కాళ్లు బొబ్బలెక్కాయి గదా, ఇక బస్సెక్కండి అని చెప్పి చూడండి.

శనివారం పొద్దున పిచ్చమ్మ ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. వకీలమ్మ చెప్పొద్దన్నది మనుషులకు. ఇది దేవునితో పని. చెప్పకపోతే, రేపు బిడ్డ గేటు ముందు దొరికిపోతే, అది ఎవరి పాపం? ఒక్క ముక్క చెప్పి కూర్చుందామని తల మీద కొంగు కప్పుకుని బయలుదేరింది.

"నా బిడ్డ ఆ ఇంట్లోనుంచి బయటపడిందమ్మా," అని లేచి నిలబడి చెప్పింది.

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"ఎట్ల బయటపడింది వదినా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"వివరంగా చెప్పమ్మా," అన్నాడు పాస్టరు సీమోను అయ్యగారు. "వినేవాళ్ల విశ్వాసం బలపడుతుంది."

ఖాళీ కడుపు, కళ్ల నిండా నీళ్లు, చుట్టూ తనతోపాటు నెలల తరబడి ఏడ్చిన ఆడవాళ్లు. పిచ్చమ్మ నోరు ఆగలేదు. చెత్త సంచి సంగతి చెప్పింది. రాయచోటి ఆవిడ అన్నం పెట్టిన సంగతి చెప్పింది. ఫలానా పేటలో కూరగాయల దుకాణం మీద గది అని, ఆదివారం పొద్దున కారులో పోతుందని చెప్పింది. హరిబాబు పేరొక్కటి రాలేదు. ప్రార్థన అయ్యాక అందరికంటే ముందు వచ్చి కావలించుకుని ఏడ్చింది పుల్లమ్మ, ఏబేలు భార్య. ఆ ఏడుపు నాటకం కాదని చూసినవాళ్లందరూ అంటారు. ఇంటికి పోయి మొగుడితో సంతోషం పట్టలేక చెప్పిందో, ఇంకెట్లా చెప్పిందో ఆమెకే తెలియాలి.

ఆ సాయంత్రానికే మాట కువైట్ చేరింది, విజయలక్ష్మి పనిచేసిన ఇంటివాళ్లు దుకాణం ముందు కాపు కాశారు. పైనున్న గదుల్లో ఏ గదో వాళ్లకు తెలియదు. నీళ్ల డబ్బా కోసం మెట్లు దిగిన విజయలక్ష్మిని జుట్టు పట్టుకుని బండెక్కించారు. పారిపోయిందని ఒక కేసు, బంగారం ఎత్తుకుపోయిందని ఇంకో కేసు పెట్టి పోలీసులకు అప్పజెప్పారు.

సోమవారం పద్మజ ఒకటే అడిగింది. "ఎవరికి చెప్పావు?"

"ప్రార్థనలో చెప్పినా."

"ఏబేలు వాళ్లు ఉన్నారా?"

"పుల్లమ్మ ఉండింది."

పద్మజ అరవలేదు. అరిచి ఉంటే పిచ్చమ్మకు కొంత తేలికయ్యేదేమో. ఫోను తీసి ఎంబసీకి చేసింది.

ఎంబసీ మనిషి స్టేషనుకు పోయి, విజయలక్ష్మి చేత ఒకసారి మాట్లాడించాడు. పద్మజ ఫోనును బల్ల మీద పెట్టింది.

"అమ్మా, ఆ రాయచోటి అక్కే నన్ను పట్టిచ్చింది," అంది విజయలక్ష్మి. "అన్నం పెట్టి పట్టిచ్చింది. ఎవరింట్లో దాక్కున్నావో పేరు చెప్పు, దొంగతనం కేసు లేకుండా చేస్తామంటాండారు. చెప్పేస్తా. వాళ్లు గూడా లోపల కూచోనీ."

పిచ్చమ్మ పద్మజ వైపు చూసింది. అవునంటే బిడ్డ బయటికి రావచ్చు. రాకపోనూ వచ్చు. అన్నం పెట్టిన మనిషి మాత్రం లోపలికి పోవడం ఖాయం.

"అమ్మా, వింటాండావా?"

"ఆ యమ్మ గాదు బిడ్డా. నేను. శనివారం ప్రార్థనలో లేచి నేనే చెప్పినా."

అవతల ఎవరో అరబ్బీలో కేకలేస్తున్నారు. ఆ కేకల మధ్యనే విజయలక్ష్మి అడిగింది.

"పుల్లమ్మత్త ఉండిందా?"

"ఉండింది."

"సాక్ష్యం చెప్పుకునేదానికి నీకు ఇంకో వారం లేకపాయనా అమ్మా?"

ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

పద్మజ నీళ్లు తెచ్చి ఇచ్చింది, పిచ్చమ్మ తాగలేదు. పద్మజ గ్లాసు పక్కన పెట్టి, ఇక చేయాల్సింది నెమ్మదిగా చెప్పింది. అక్కడ కేసు నడపడానికి ఎంబసీ తరఫున వకీలును పెట్టమని అర్జీ పెట్టాలి. బిడ్డ ఎట్లా దొరికిందో, దాని వెనక ఎవరున్నారో ఇక్కడ పోలీసుల ముందు రుజువైతే ఆ అర్జీకి బలం వస్తుంది. దానికి ఏబేలు మీద పేరు పెట్టి ఫిర్యాదు ఇవ్వాలి. ఆ రోజు గుడిలో విన్నవాళ్ల పేర్లు కావాలి.

"పుల్లమ్మ పేరు రాయి," అంది పిచ్చమ్మ.

"రాస్తే రేపటినుంచి మీ పాలెంలో..."

"నాకు తెల్దా? కుళాయి కాడ బిందె పెట్టనియ్యరు. గుళ్లో పక్కన గూచోనియ్యరు. రాయి."

"రాసినా నీ బిడ్డ వస్తుందని నేను చెప్పలేను పిచ్చమ్మా."

"చెప్పబాక తల్లీ. ఏం చెప్పబాక. రాయి."