జత విరిగిన క్యూలు

పదవీ విరమణకు ముందు ఆఖరి రెండేళ్లు నేను బెంగళూరులో ఒక వేలం సంస్థలో సీనియర్ వాల్యుయర్‌గా క్రీడాసామగ్రి విభాగం చూశాను. కొవిడ్ తర్వాత బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడే హాళ్లు కొన్ని మూతపడి, బంతులు కొట్టే కర్రలు, అంటే వాడిన క్యూలు మా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి. అలా ఒక వేసవిలో కృష్ణప్ప అనే ఆయన తన క్యూ తెచ్చారు.

క్యూకు వెల కట్టడంలో మొదటి పని దాన్ని దొర్లించడం. రెండు భాగాలూ విడదీసి, చదునైన రాతిబల్ల మీద ఒక్కొక్కటీ దొర్లిస్తాం. కింద వెలుతురు కనిపిస్తే కర్ర వంగినట్టు. బంతిని తాకే తోలుముక్క టిప్ అరిగినా పెద్ద నష్టం లేదు, కొత్తది అతికించవచ్చు. ముందుభాగం షాఫ్ట్‌ను గరుకు కాగితంతో రుద్ది రుద్ది సన్నబరిస్తే మాత్రం విలువ పడిపోతుంది.

కృష్ణప్ప క్యూ తిన్నగా ఉంది. పట్టుకునే చోట రోజ్‌వుడ్ చారలు అంచుదాకా వచ్చి సగంలో తెగిపోయాయి. అడిగితే, ఊళ్లోని పారిశ్రామికవాడ పీణ్యలో లేత్ పనివాడొకరు ఒకే చెక్కను చీల్చి రెండు క్యూలు చేశాడనీ, రెండోది తన పాత భాగస్వామి మునిరెడ్డి దగ్గర ఉందనీ చెప్పారు. ఇద్దరూ కలిసి అక్కడే చాలాకాలం పూల్ హాలు నడిపారట. మూసేద్దామని ఈయన, నడుపుదామని ఆయన పట్టుబట్టి విడిపోయారు. అప్పటినుంచి మాటల్లేవు.

ఎందుకు అమ్ముతున్నారని అడగడం మా పద్ధతిలో భాగమే.

“ఇంట్లో ఉంటే చూపు దానిమీదికే పోతా ఉండాది సార్,” అన్నారు.

జతగా అయితే విడివిడి ధరల కన్నా ఎక్కువ వస్తుందని చెప్పడం నా బాధ్యత, చెప్పాను. ఆయన క్యూ మీద చెయ్యి తీయకుండానే అన్నారు:

“ఆ మాట మీరే వానికి చెప్పండి సార్. నేను ఫోన్ చేస్తే ఎత్తడు.”

మూడో మనిషిని సంప్రదించాలంటే మేనేజర్ అనుమతి కావాలి. తీసుకుని ఫోన్ చేశాను. మునిరెడ్డి అంతా విని, శనివారం తెస్తానన్నారు.

శనివారం ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో క్యూ సంచి పెట్టుకుని కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రెండు క్యూలూ పక్కపక్కన పెట్టగానే చారలు కలిసిపోయాయి. అది చూసి ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగారు.

తర్వాత మునిరెడ్డి షాఫ్ట్ దొర్లించాను. నడిమధ్య లేచింది. టిప్ రాయిలా గట్టిపడింది, బంతి మీద జారకుండా రాసే చాక్ పొడి జాడే దాని మీద లేదు. ఏళ్ల తరబడి గోడకు ఆనించి ఉంచితే కర్ర ఇలా వంగుతుందనీ, వీటిని జతగా వేలానికి పెట్టలేమనీ చెప్పాను.

కృష్ణప్ప అప్పుడు మొదటిసారి అటు తిరిగారు.

“నువ్వు ఆడనే లేదాప్పా?”

“ఎవరితో ఆడేది?” అన్నారు మునిరెడ్డి, నేల చూస్తూ.

పీణ్యలో ఇప్పటికీ లేత్ మీద కొత్త షాఫ్ట్ చేసి ఇచ్చేవాళ్లున్నారని నేను చెప్పాను. కృష్ణప్ప వేలం దరఖాస్తు వెనక్కి అడిగి తీసుకున్నారు. మునిరెడ్డి సంచి భుజాన వేసుకుని, కృష్ణప్ప లేచేదాకా గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆ తర్వాత ఆడారో లేదో నాకు తెలియదు. ఆ క్యూలు మళ్లీ మా దగ్గరకు రాలేదు.

అంతకుముందు నేను వాడకం వల్ల కలిగిన అరుగుదలనే ప్రధానంగా పరిశీలించేవాణ్ణి. ఆ తర్వాత, వాడని వస్తువు వస్తే, దాన్ని ఎందుకు వాడలేదో ముందు అడిగి, ఆపైనే వెల కట్టాను.