టీవీ గేమ్‌లో నా వాటా

ఆ రోజుల్లో ఒక వస్తువు గురించి పోట్లాడాలంటే అది మన దగ్గర ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. చూసి ఉండాలని కూడా లేదు. డుంబ్రిగుడకి కాస్త అవతల, కాఫీ తోటల మధ్య ఉన్న మా ఊళ్ళో తొంభైల్లో టీవీ గేమ్ అనేదాన్ని కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా సరే, జపాను మిషను గొప్పదా అమెరికా మిషను గొప్పదా అని మేం ముగ్గురం బడికి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి జుట్లు పట్టుకునేవాళ్ళం. ఇప్పుడు మా అబ్బాయి ఫోనులో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఇదే విషయం మీద తగవులాడుతుంటే "నోరు మూసుకుని చదువుకో" అని కసురుతాను గానీ, లోలోపల నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. వాడికా బుద్ధి ఎవరి నుంచి వచ్చిందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

ముగ్గురం అంటే నేను, మిరియం, దొర. మిరియం చూడటానికి ఇంతే ఉండేవాడు గానీ కోపం మాత్రం నషాళానికి అంటేది, అందుకా పేరు. దొర నాన్నగారు ఫారెస్టు గార్డు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క టీవీ వాళ్ళింట్లోదే, అందుకా పేరు. నా పేరు రేడియో. మా నాన్న ఊరి బడిపంతులు కావడంతో నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. సంతలో పకోడీలు కట్టిచ్చిన కాగితాలు విప్పి, నూనె మరకల మధ్య నుంచి ప్రపంచ వార్తలు చదివి వినిపించడం నా ఉద్యోగం. కాగితం ఎక్కడ చిరిగితే అక్కడి నుంచి వార్త నేనే పూర్తి చేసేదాన్ని. "జపానులో కొత్త మిషను వస్తోందట. దాంట్లో క్యాసెట్టు బదులు వెండి పళ్ళెం పెడతారట" అని నేను చెబితే, "వెండి పళ్ళెమా? దొంగలెత్తుకుపోరేటి?" అని మిరియం నిలదీసేవాడు. (కాపలాకి కుక్కని కూడా ఇస్తారని చెప్పాను. నమ్మాడు.)

ఇలా సాగుతుండగా ఒక వేసవిలో మా సైన్సు మాస్టారికి బదిలీ అయింది. ఆయన పెట్టే బేడా జీపు దాకా మోసింది మేం ముగ్గురమే. జీపు కదలబోతుండగా ఆయన ఒక అట్టపెట్టె నా చేతుల్లో పెట్టి, "పిల్లలూ, ఇది మావాడు ఆడి ఆడి వదిలేసిన టీవీ గేమ్. మీరు ఆడుకోండి" అన్నారు. జీపు మలుపు తిరిగిపోయింది. మా ముగ్గురి నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. నా చేతుల్లో పెట్టారు కాబట్టి నాది అన్నాను నేను. అన్నిటికన్నా బరువైన ట్రంకుపెట్టె మోసింది తను కాబట్టి తనది అన్నాడు మిరియం. "టీవీ నాదిరా, దేన్లో ఆడతారు, మీ అమ్మ పొయ్యిలోనా?" అన్నాడు దొర. (మాస్టారు "పిల్లలూ" అన్నప్పుడు చూసింది మాత్రం నా వైపే. ఈ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.)

పెట్టె చిరిగిపోయేలా ఉందని చివరికి మిరియం వాళ్ళ తాత దగ్గరికి పంచాయితీకి వెళ్ళాం. ఆయన వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. ఊళ్ళో ఇటుకల పండుగ అయి వారం కూడా కాలేదు. ఆ పండక్కి మగవాళ్ళంతా వేటకి పోయి ఏం కొట్టుకొచ్చినా, అడవి పందైనా కుందేలైనా, ఊళ్ళో ఇంటింటికీ వాటా వెయ్యాల్సిందే. వాటాలు వేసేది ఏటా ఈ తాతే.

తాత అంతా విని అడిగాడు. "ఎవుడు కొట్టేడు దీన్ని?"

"కొట్టడమేటి తాతా, మాస్టారిచ్చారు."

"మరీ మంచిది. తగువు నేదు. వాటాలేసీవచ్చు."

మేం వద్దు వద్దంటుండగానే ఆయన అట్టపెట్టె విప్పి, తడిమి తడిమి, పందిని పంచినంత శ్రద్ధగా పంచేశాడు. డబ్బా మిరియానిది. చేత్తో పట్టుకు ఆడే రెండు హ్యాండిళ్ళూ, టీవీకి పెట్టే వైరూ దొరవి. పసుపుపచ్చ క్యాసెట్టు నాది. కరెంటుకి తగిలించే నల్లటి అడాప్టరు మిగిలింది. దాన్ని తీసి తన దుప్పట్లో పెట్టుకున్నాడు.

"అది నీకేటికి తాతా?" అన్నాను.

"పంచినోడికి వాటా ఉండదేటే గుంటా? వాటాని ఏటికని అడగరాదు."

ఏడుపొక్కటే తక్కువ మాకు. ఇంటికెళ్ళి నాన్నకి చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు గానీ తీర్పు మార్చలేదు. సరే, ఆ వేసవంతా మా ఆట ఇలా జరిగేది. మధ్యాహ్నం కరెంటు ఉందని దొర కేక వేస్తే, మిరియం డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. నేను క్యాసెట్టు పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఆ తర్వాత ముగ్గురం గుమ్మంలో నిలబడి, కర్ర పొడుచుకుంటూ తీరిగ్గా వచ్చే తాత కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆయన వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, దుప్పట్లోంచి అడాప్టరు తీసిచ్చేవాడు. నేను క్యాసెట్టులోకి "ఉఫ్" అని గట్టిగా ఊది లోపలికి నొక్కేదాన్ని. (ఊదితేనే ఆడుతుందని నా శాస్త్రీయ పరిశోధన.) తెర మీద టోపీవాడొకడు గంతులేసేవాడు. తాత మాత్రం నా పక్కనే చేరి, "ఇప్పుడేటయింది? ఇప్పుడేటి సేత్తన్నాడు?" అని ఊపిరాడనివ్వకుండా అడిగేవాడు. నేను ఆడుతూనే చెప్పేదాన్ని, గోతిలో పడ్డాడు తాతా, సచ్చిపోయాడు, మళ్ళీ లేచాడు. "ఎన్ని పేణాలే ఆడికి? మూడా? నాకొకటిమ్మను" అని ఆయన నవ్వితే, మాకు నవ్వొచ్చి ఉన్న మూడు ప్రాణాలూ పోయేవి.

ఇంత ముచ్చటగా ఉన్నదాన్ని చెడగొట్టింది నేనే. జూన్‌లో నన్ను విశాఖపట్నంలో మిషనరీ హాస్టల్లో చేర్చడానికి నిశ్చయమైంది. వెళ్ళే ముందు సంత రోజున ఒక పకోడీ కాగితంలో, మా డబ్బాలాంటివన్నీ పాతబడిపోయాయనీ, ఇక అవి చేయడం మానేస్తారనీ చదివాను. ఊరు వదిలి వెళ్ళాలన్న దిగులు నాలో ఎక్కడో ముల్లులా ఉందేమో, దాన్ని వీళ్ళ మీద కక్కాను. "విన్నారా, మనది చెత్త సామాను. హాస్టల్లో అమ్మాయిలందరి దగ్గరా వెండి పళ్ళేల మిషనుంటుంది" అన్నాను.

మిరియం మొహం ఎర్రబడింది. డబ్బా సంకలో పెట్టుకుని లేచాడు. "సెత్తయితే నీకేలా? పో, నీ వాటా అట్టుకుని పో!"

పట్టుకుపోయాను. బట్టల పెట్టెలో గౌనుల మధ్య క్యాసెట్టు దాచి, వాళ్ళకి వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా అమ్మతో అరకులో రైలెక్కాను. నేను లేకుండా ఎలా ఆడతారో చూద్దాం అని నా ఏడుపు. సొరంగాలు అయిదారు దాటేదాకా కోపం బాగానే నిలిచింది. ఏడో సొరంగంలో కరిగిపోయింది. చీకట్లో అమ్మ చూడకుండా ముక్కు చీదుకున్నాను.

హాస్టల్లో మొదటివారమే, మాకు టీవీ గేమ్ ఉందని అందరికీ గొప్పలు చెప్పాను. చూపించమన్నారు. క్యాసెట్టు తీశాను. "ఇది క్యాసెట్టే కదా, గేమ్ ఏదీ?" అంది పక్క మంచం అమ్మాయి. "ఇది నా వాటా. డబ్బా మిరియం దగ్గరుంది. అడాప్టరు తాత దుప్పట్లో ఉంది" అన్నాను. గదంతా ఘొల్లుమంది. వాళ్ళ నవ్వు కన్నా, చేతిలో ఆ ముక్క అంత తేలిగ్గా, ఎందుకూ పనికిరాకుండా ఉండటమే నాకు ఎక్కువ బాధనిపించింది. రోజూ ఒకటే ఆలోచన. దొర నాన్నగారు పని మీద విశాఖపట్నం వస్తూనే ఉంటారు. ఒక్క కొత్త క్యాసెట్టు కొంటే చాలు, వాళ్ళ ఆట సాగిపోతుంది. నా అవసరం ఎవరికీ ఉండదు.

దసరా సెలవులకి ఊళ్ళో దిగాను గానీ ఆ ఇళ్ళ వైపు వెళ్ళే ధైర్యం లేకపోయింది. రెండు రోజులు ఇంట్లో దాక్కున్నాను. మూడోరోజు మిరియమే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నెత్తిన డబ్బా.

"బేగి రా. కరెంటున్నాది" అన్నాడు, నేను నిన్ననే అక్కడ ఆడి వచ్చినట్టు.

"మీరు వేరే క్యాసెట్టు కొనుక్కోలేదా?" అన్నాను.

"దొర వాళ్ళ నాన్న తెత్తానన్నాడు. మేవే వద్దన్నాం."

"ఎందుకు?"

వాడు నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూశాడు. "ఇంకోటొత్తే నీ వాటా పోదేటి?"

గౌను అంచుతో మొహం తుడుచుకుని, క్యాసెట్టు తీసుకుని వాడి వెనకే నడిచాను. దొర అప్పటికే హ్యాండిళ్ళు తుడిచి పెట్టాడు. తాత వచ్చాడు. అడాప్టరుకి పొగ వాసన. విత్తనాలకని పొయ్యి పైన వేలాడదీసే మొక్కజొన్న పొత్తుల మధ్యే నాలుగు నెలలూ దాన్ని భద్రపరిచాడట. నా పక్కన కూర్చుని చేత్తో నా తల తడిమాడు.

"రేడియో వచ్చీసింది. ఇంక నాకు ఆట అగుపిత్తాది" అన్నాడు. ఆయన కళ్ళకి ఎప్పటినుంచో పొర కమ్మేసిందనీ, ఆ వేసవంతా తెర మీద ఒక్క గంతు కూడా ఆయన చూడలేదనీ నాకప్పుడే తెలిసింది. ఆ రోజు నేను ఒక్క ఆటా ఆడలేదు. పక్కన కూర్చుని, పకోడీ కాగితాల్లో లేనివి కూడా కలిపి, టోపీవాడి గంతులన్నీ ఆయనకి చెప్పాను.

తాత పోయి చాలా ఏళ్ళయింది. దొర టీవీ ఎప్పుడో పాత ఇనుముకి వెళ్ళిపోయింది. దొర ఇప్పుడు ఘాట్ రోడ్డు మీద జీపు నడుపుతున్నాడు. మిరియానికి కాఫీ తోట, ఇద్దరు ఆడపిల్లలు. తాత అడాప్టరు పెద్దమ్మాయి దగ్గరుందట, చిన్నదానికి ఇవ్వదట. మొన్న మా అబ్బాయి, డబ్బు పెట్టి దింపుకున్న గేమ్‌ని కంపెనీవాళ్ళు వెనక్కి లాగేసుకున్నారని ఇల్లెగిరిపోయేలా అరిచి, నా బీరువాలో ఈ పసుపుపచ్చ క్యాసెట్టు చూసి "ఇదైనా నీ సొంతమేనా అమ్మా?" అని అడిగాడు. "పావు వంతు" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

మిరియం అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. బాగున్నావా అని అడగడు. "ఏటే రేడియో, వాటా బాగున్నాదా?" అంటాడు. "బాగుందిరా. నీది?" అంటాను. ఫోను పెట్టేశాక ఎవరూ చూడకుండా బీరువా తెరిచి, క్యాసెట్టులోకి "ఉఫ్" అని ఒకసారి గట్టిగా ఊది, మళ్ళీ చీరల మధ్య పెట్టేస్తాను.