చెప్పడానికి లేదు

మా అత్తగారి చెల్లెలికి మా ఇంట్లో పెట్టిన పేరు 'చెప్పడానికి లేదు'. ఎదురుగా మాత్రం నేను చిన్నత్తయ్యా అనే పిలుస్తాను. ఆడవాళ్ల ఆసుపత్రిలో పాత ఫైళ్ల గది ఆమెది. ముప్పై ఏళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ. భోజనాల దగ్గర పిల్లలు ఆమెను ఆటపట్టిస్తారు. "చిన్న నానమ్మా, కూరలో ఉప్పు సరిపోయిందా?" అంటే, "చెప్పడానికి లేదు" అంటుంది ముఖం మార్చకుండా. ఇల్లంతా గొల్లుమంటుంది. చాలా రోజులు నేనూ నవ్వాను.

ఆమె గది మెట్ల వెనక ఉంటుంది. పైకప్పు దాకా ఇనుప అరలు, అరల నిండా తెల్ల టేపు కట్టిన అట్ట ఫైళ్లు. ఎవరికి కడుపు నిలిచింది, ఎవరికి పోయింది, ఎవరు వద్దనుకున్నారు, ఎవరు ఏళ్ల తరబడి మందులు మింగారు, అన్నీ అక్కడే ఉన్నాయి. కిటికీ దగ్గర చీటీల పుస్తకం, దారం కట్టిన పెన్ను ఉంటాయి. లోకంలో ఎవరినైనా నమ్మొచ్చు గానీ పెన్ను అడిగి తీసుకున్నవాళ్లను నమ్మకూడదని ఆమె సిద్ధాంతం. ఫైలు ఎవరిదో ఆ మనిషే రావాలి, చీటీ రాసి సంతకం పెట్టాలి, గుర్తింపు కార్డు చూపించాలి. మొగుడైనా, కన్నతల్లి అయినా ఆమెకు ఒకటే. ఇది ఆసుపత్రి నియమం. కానీ ఫైలు లేనప్పుడు కూడా "లేదు" అనకపోవడం మాత్రం ఆమె సొంతం.

అది ఎలా మొదలైందో పేర్లు లేకుండా నాకు ఎప్పుడో చెప్పింది. ఉద్యోగంలో చేరిన ఏడాది ఒకాయన వచ్చి, తన పెద్ద చెల్లెలు ఇక్కడికి వచ్చిందా అని అడిగాడట. రాలేదు. అనుమానం తీరితే ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది కదా అని జాలిపడి "లేదండీ" అనేసింది. ఆరు నెలలకు అతనే మళ్లీ వచ్చి చిన్న చెల్లెలి గురించి అడిగాడు. ఈసారి ఫైలు ఉంది. "చెప్పకూడదండీ" అంది. అతను ఇంకేమీ అడగలేదు, దండం పెట్టి మరీ వెళ్లిపోయాడు. పది రోజుల తర్వాత ఆ చిన్న పిల్లే కిటికీ దగ్గరికి వచ్చింది. చదువు మాన్పించేశారట. "మా అక్క సంగతి అడిగితే లేదన్నారట కదండీ. నా గురించి అడిగినప్పుడు ఎందుకు అనలేదు?" అంది.

"ఆ పిల్లకు ఏం జవాబు చెప్పాలో ఇప్పటికీ తెలియదే అమ్మాయ్" అంది చిన్నత్తయ్య, చీర చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఆ రోజు నుంచి ఎవరి గురించి అడిగినా, ఫైలు ఉన్నా లేకపోయినా, ఆమె నోట ఒకటే మాట.

ఇక నా సంగతి. పెళ్లికి రెండేళ్ల ముందు, ఇరవై ఒకటో ఏట, నేను అదే ఆసుపత్రికి వెళ్లాను. నిలబెట్టుకోలేని గర్భం తీయించుకున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయనకూ చెప్పలేదు. చెప్పాలని ఉండేది, నోరు పెగిలేది కాదు.

పెళ్లిరోజు చిన్నత్తయ్య నా దగ్గరికి వచ్చి, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది. "శుభలేఖ నీకు ముందే ఇచ్చాం కదే, పేరు చదవలేదా?" అని మా అత్తగారు ఎగతాళి చేసింది. నన్ను ఇంత కూడా లెక్కచేయలేదే అని మనసు కష్టపెట్టుకున్నాను. తర్వాత ఆమె ఉద్యోగం ఎక్కడో తెలిసి గుండె గుభేలుమంది. పేరే తెలియని మనిషికి నా ఫైలేం తెలుస్తుందిలే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు కలగలేదు. మా అత్తగారు చెడ్డది కాదు, కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్లికి ముందు నన్ను ఆ ఆసుపత్రి మెట్ల మీద చూశామని ఎవరో ఆమె చెవిన వేశారు. మర్నాడు పొద్దున్నే "పద, మా చెల్లెల్ని చూసొద్దాం" అని నన్ను బయలుదేరదీసింది. ఎందుకో దారిలో చెప్పింది.

కిటికీ దగ్గర నిలబడి, నా ముందే అడిగేసింది. "మా కోడలి పేరుతో ఇక్కడేమైనా కాగితాలున్నాయేమో చూడవే."

"చెప్పడానికి లేదక్కా."

"పరాయిదానికి చెప్పినట్టు చెప్తావేంటే? నీ అక్కనే! లేకపోతే లేదను, వెళ్లిపోతాను."

"లేకపోయినా చెప్పడానికి లేదు."

"అంటే ఉందన్నమాట!"

చిన్నత్తయ్య మాత్రం చీటీల పుస్తకం సర్దుకుంటూ, "నీ కూతురి గురించి అడుగు" అంది.

"దాని గురించి నేనెందుకు అడుగుతాను?"

"ఊరికే అడుగు."

మా అత్తగారు విసుక్కుంటూ అడిగింది.

"చెప్పడానికి లేదు. మన అమ్మ గురించి అడిగినా ఇదే మాట. ఎందరో అత్తలు వచ్చారక్కా ఈ కిటికీకి. ఎందరో కోడళ్ల గుట్టు అడిగారు. అందరికీ ఇదే చెప్పాను."

మా అత్తగారి ముఖంలో రంగు మారింది. ఆ ఇనుప అరల వైపు తిరిగి చూసింది. ఆమెకు ఏం గుర్తొచ్చిందో నేను అడగలేదు, అడిగే హక్కు నాకు లేదని ఆ పూటే తెలిసింది. తర్వాత "పద" అని నా చెయ్యి పట్టుకుంది. ఇంకెప్పుడూ ఆ ప్రసక్తి తేలేదు గానీ, అక్కాచెల్లెళ్లకు ఆరు నెలలు మాటల్లేవు. చిన్నత్తయ్యకు మా ఇల్లు తప్ప పుట్టింటి వైపు ఇంకెవరూ లేరు. ఆ ఆరు నెలలూ సెలవురోజుల్లో ఆమె ఒంటరిగానే అన్నం తింది.

ఆ వారంలోనే మా ఆయనకు అంతా నా నోటితో నేనే చెప్పాను. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడోరోజు, "అప్పుడు నీ పక్కన ఎవరున్నారు?" అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఈ మాట మా అత్తగారు కిటికీ దగ్గర నుంచి ఇంటికి మోసుకొచ్చి ఉంటే, ఆ ప్రశ్న నాకు ఎప్పటికీ వినిపించేది కాదు.

మరుసటి ఏడు నాకు కడుపు పండింది. డాక్టరమ్మ పాత కాగితాలు చూడాలంది. కిటికీ దగ్గరికి వెళ్లాను.

"చిన్నత్తయ్యా, నా ఫైలు..."

"చీటీ రాయి. కార్డు చూపించు."

ముక్కూ మొహం తెలియనట్టే కార్డు తిరగేసి మరగేసి చూసింది. "ఉండు, తాళంచెవి తేవాలి" అని పై అంతస్తుకు వెళ్లింది. మిగతా ఫైళ్లన్నీ అరల్లో ఉంటే నాదానికి తాళమేమిటో అర్థం కాలేదు. తిరిగొచ్చి, గదిలో మూల ఉన్న చిన్న బీరువా తెరిచి ఫైలు తెచ్చింది. అట్ట మీద ఆమె గుండ్రటి చేతిరాత.

'సిబ్బంది బంధువు. బీరువాలోకి మార్చడమైనది. తాళంచెవి పెద్ద డాక్టరు వద్ద.'

కింద తేదీ ఉంది. మా పెళ్లికి పది రోజుల ముందుది. శుభలేఖలో పేరు చదివి, అరల్లో నా ఫైలు వెతికి, తన చేతికి కూడా అందకుండా తాళం వేయించి, ఆ తర్వాత పెళ్లికొచ్చి నా పేరేంటని అడిగిందన్నమాట. ఇంకా కోడలిని కూడా కాని నన్ను బంధువని రాసుకుంది.

"అంటే మీకు మొదటి నుంచీ..."

"చెప్పడానికి లేదు" అంది. "అందినట్టు సంతకం పెట్టి పక్కకు జరుగు. వెనక మనిషి నిలబడి ఉంది."

దారం కట్టిన పెన్ను తీసుకున్నాను. కళ్లనిండా నీళ్లు, ఏం రాశానో నాకే కనపడలేదు. ఆమె చీటీ తీసుకుని, కార్డు పక్కన పెట్టి చూసింది.

"ఈ సంతకం కలవలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టు" అంది.