నేను గాలి కొట్టిన సైకిల్

మహబూబ్‌నగర్ పెద్దచెరువు కట్ట మీది నడక బాటపైకి సైకిళ్ళను రానీయవద్దని మునిసిపాలిటీకి అర్జీ రాసింది నేనే. రోజూ నాతో నడిచే ముప్పై రెండు మంది పెద్దమనుషుల చేత దాని కింద సంతకాలు పెట్టించిందీ నేనే. ఆ అర్జీ అంగీ జేబులో పెట్టుకొని, ఆ సైకిళ్ళవాళ్ళ వెంటే దేవరకొండలో సైకిల్ పందెం చూసి వచ్చిందీ నేనే. ఎందుకు పోయానో, ఎట్లా తిరిగి వచ్చానో రాస్తున్నాను. గుట్టల మీద సైకిల్ పందేలు ఈ మధ్య మన దిక్కు బాగానే జరుగుతున్నాయి. చూడాలనుకునేవాళ్ళకు దారి తెలుస్తుంది.

ముందు నా కోపం సంగతి చెప్పాలి. నలభై ఏళ్ళు సైకిళ్ళ దుకాణం నడిపినవాణ్ణి. కూలివాళ్ళ ఇంట్లో పుట్టి బడి మొహం చూడలేదు. చెయిన్లు, బేరింగులు చుట్టి వచ్చే పాత పేపర్లు విప్పి చదువుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికి ఇచ్చే ఆ రోజుల్లో ప్రతి సైకిల్‌కూ మునిసిపాలిటీ బిళ్ళ ఉండేది. చీకటి పడితే లైటు ఉండాలి, ఎప్పుడైనా బెల్లు ఉండాలి. లేకపోతే చౌరస్తాలో పోలీసు టైర్ల గాలి తీసి నడిపించుకుంటూ పొమ్మనేవాడు. ఇప్పటి ఈ గుట్టల సైకిల్‌కు బెల్లు లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు. ఇన్ని లేని సైకిల్‌కు ధర మాత్రం మోటారు సైకిల్ ధర. లేనివాటికి కూడా డబ్బులు తీసుకుంటున్నారని నా అనుమానం.

అట్లాంటి సైకిల్ మీద అనిత అనే అమ్మాయి ఒక పొద్దున కట్ట మీద నా పక్కనుంచి చప్పుడు లేకుండా దూసుకుపోయింది. నేను ఉలిక్కిపడ్డాను, నా చేతికర్ర ఎగిరి చెరువులో పడింది. అనితది ఇరవై మూడేళ్ళ వయసు. జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. ఐదుగురున్న గుట్టల సైకిల్ జట్టుకు పెద్ద. వెంటనే సైకిల్ పడేసి, రాళ్ళ మీదుగా దిగి, మోకాళ్ళలోతు నీళ్ళలోంచి కర్ర తెచ్చి ఇచ్చింది. దిగినంతసేపూ, ఎక్కినంతసేపూ నేను తిడుతూనే ఉన్నాను.

“బెల్లు పెట్టుకుంటే ఏం పోతది నీకు?”

“బరువు తాతా. పందెంల గ్రాము గ్రాము చూస్తం.”

“అయితే నువ్వు జర తక్కువ తిను. బెల్లు నేను కొనిస్త.”

ఆ వారమే అర్జీ తయారైంది. సంగతి తెలిసి అనిత నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఊళ్ళో తెల్లవారుజామున లారీల భయం లేకుండా తొక్కే జాగా కట్ట ఒక్కటేనట. అది పోతే జట్టు ఉండదట. “వచ్చే ఆదివారం దేవరకొండల పందెం. నువ్వొచ్చి సూడు. మొదటి ముగ్గుర్ల నేనుంటే నువ్వు అర్జీ ఇయ్యొద్దు. లేకుంటే మేమే కట్ట మీదికి రాం” అంది. ఆ మొదటి ముగ్గురినే రాష్ట్ర పందేనికి పంపుతారు కూడా. ఒప్పుకున్నాను, కట్ట మీద అందరికీ చెప్పాను కూడా. పందేనికి భయపడే మనిషిని కాను.

శనివారం పొద్దున ఐదున్నరకు మహబూబ్‌నగర్ బస్టాండులో కలిశాం. మిగతా నలుగురూ ముందురోజే ట్రాలీ ఆటోలో సైకిళ్ళతో పోయారు. రాత్రి షిఫ్టు వల్ల అనిత, ఆమె సైకిలూ వెనకబడ్డారు. నేను కాసేపు ఆనుకుందామని హ్యాండిల్ మీద చేయి వేస్తే ముందు భాగం కిందికి కుంగింది. “విరిగింది! మోసం చేసి అమ్మిండ్రు!” అని అరిచాను. బస్టాండంతా మా వైపు చూసింది.

“అది షాక్ తాతా. రాళ్ళ మీద ఎగిరినప్పుడు చేతులు గుంజకుండా. ఊరికెనే మంది ముందర ఇజ్జత్ తీయకు.”

ఐదూ యాభైకి కల్వకుర్తి బస్సు. చక్రాలు ఊడదీసి సైకిల్‌ను వెనక సీటు పక్కన నిలబెట్టాం. కండక్టర్ వచ్చి చాలాసేపు చూశాడు.

“అమ్మాయికి జీరో టికెట్, ఆడోళ్ళకు ఫ్రీ. తాతకు ఫుల్లు. గీ సైకిల్‌కు లగేజీ.”

“అందరికంటె ముసలోణ్ణి నేను. నాకే ఫుల్లా?” అన్నాను.

“ఆడపిల్లవై పుట్టకపోతివి తాతా” అని టికెట్టు చింపి చేతిలో పెట్టాడు.

జడ్చర్ల దాటాక తెల్లారింది. దారి పొడుగునా పత్తి చేలు, మధ్యమధ్య రాతి గుట్టలు. అనిత కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆమె సామాన్ల సంచి నా ఒడిలో పెట్టింది. విప్పి చూశాను. హెల్మెట్, వేళ్ళు లేని చేతి తొడుగులు, మోకాళ్ళకు కట్టుకునే గట్టి చిప్పలు, వీపుకు తగిలించుకొని గొట్టంతో తాగే నీళ్ళ సంచి. మేము లుంగీ మడిచి కట్టి, చెప్పులు హ్యాండిల్‌కు తగిలించుకొని తొక్కినవాళ్ళం. దాహమేస్తే దిగి తాగేవాళ్ళం. దిగడం అవమానమని మాకెవరూ చెప్పలేదు.

కల్వకుర్తిలో ఏడుంబావుకు దిగి, ఇడ్లీలు తిని, ఎనిమిదింటికి దేవరకొండ బస్సు ఎక్కాం. తొమ్మిదిన్నర దాటాక చేరాం. బస్టాండు వెనక లాడ్జి. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, నీళ్ళు ఉదయం ఆరు దాటాకే వస్తాయి. భోజనం ఎదురుగా మెస్సులో చేయండి. పప్పు బాగుంటుంది, సాంబారు అడగకండి. జట్టులోని కుర్రాళ్ళు పై గదిలో దిగారు. అనిత ఊళ్ళోనే ఉన్న పెద్దమ్మ ఇంటికి పోయింది. ఆమె సైకిల్‌ను మాత్రం దొంగల భయం లేకుండా కింది గదిలో, అంటే నా గదిలో పెట్టారు. సాయంత్రం శివ వచ్చి దాన్ని బిగించి, తుడిచి, గాలి చూసి పోయాడు. శివ ఎలక్ట్రీషియన్. జట్టు సైకిళ్ళ బాగోగులన్నీ అతనివే. నేను చెప్పే మాటలకు ‘అట్లనే తాతా’ అంటూ ఒక్కటీ వినని రకం.

ఆదివారం పొద్దున ఐదింటికి బయట టీ తాగి గదికి వచ్చాను. పందెం ఎనిమిదింటికి. అలవాటు కొద్దీ సైకిల్ టైర్లను బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి దిగింది. వెనకది నొక్కాను. అదీ అంతే. నా దుకాణానికి అట్లాంటి టైర్లతో ఎవరైనా వస్తే, వాళ్ళు అడగకముందే పంపు తీసేవాణ్ణి. శివను మనసులో నాలుగు తిట్లు తిట్టాను. మూలన వాళ్ళ పంపు ఉంది, దానికో గడియారం లాంటి బిళ్ళ, అందులో ముల్లు. వాల్వు మాత్రం పుల్లలాగా సన్నగా ఉంది. దాని చివరన ఉన్న చిన్న మరను వదులు చేయాలని కనిపెట్టడానికి పావుగంట పట్టింది. నలభై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు కదా అని సంబరపడ్డాను. రెండు టైర్లకూ ముల్లు యాభై దాటేదాకా కొట్టాను. వేలితో మీటితే కంగుమన్నాయి. ఎదుటి పక్షపు పిల్లే కావచ్చు, కానీ గాలి లేని సైకిల్‌ను పందేనికి పంపిన పాపం నాకెందుకు?

పందెం ఊరవతల, ఖిల్లా కోటకు దూరంగా ఉన్న రాళ్ళ గుట్టల్లో. బస్టాండు నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. టోపీ తీసుకుపోండి, అక్కడ చెట్టన్నది లేదు. ముగ్గుపిండితో దారి గీశారు. బీడు చేల మీదుగా ఎక్కి, గుట్ట నెత్తిన తిరిగి, బండల మీద నుంచి దిగాలి. అట్లా మూడు చుట్లు. ఎండ ముదురుతుందని పందేన్ని అరగంట ముందుకు జరిపారు. శివ “ఒక్కసారి గాలి సూస్తనాగు” అంటుండగానే మైకులో పేర్లు పిలిచారు. అనిత ఉరికింది.

మొదటి చుట్టులో అనిత రెండోదిగా ఉంది. రెండో చుట్టులోనూ రెండోదే. ఎక్కేటప్పుడు గుర్రం లెక్క ఎక్కుతోంది. నేను నిలబడి, నా పక్షం ఏదో మరిచిపోయి, “తొక్కు బిడ్డా, తొక్కు!” అని అరిచాను. కానీ దిగేటప్పుడు ఏదో తేడా కనబడింది. మిగతావాళ్ళ చక్రాలు బండలను అంటిపెట్టుకొని దిగుతున్నాయి. అనిత వెనక చక్రం మాత్రం బంతిలాగా ఎగిరెగిరి పడుతోంది. మూడో చుట్టు దిగుడులో ఆ చక్రం పక్కకు ఎగిరింది. అనిత బండ మీద పడింది. లేచి, వంకర తిరిగిన హ్యాండిల్‌ను కాలితో తన్ని సరిచేసి, మళ్ళీ ఎక్కింది. ఇద్దరు దాటిపోయారు. నాలుగోదిగా వచ్చింది.

మోకాలి చిప్ప పక్కన చర్మం లేచిపోయింది. నీళ్ళు పోసుకుంటూనే శివ మీద లేచింది.

“ఎంత గాలి కొట్టినవ్ రా? టైర్లు రాయి లెక్కున్నయ్! మొదటి దిగుడులనే తెలిసింది నాకు. ఆగితే వెనక పడ్తనని ఆగలే.”

“ఒట్టు అక్కా. నిన్న ఇరవై రెండే పెట్టిన.”

“మరి నీ తాతొచ్చి కొట్టిండా?”

శివకు తాత లేడు. ఉన్నది నేను. శివ నా దగ్గరి నీళ్ళ సీసా కోసం చేయి చాపాడు, నేను ఇవ్వకుండా నేనే తాగాను. ఇంకోసారి తాగాను. ఇక నీళ్ళు అయిపోయాయి.

“నేనే కొట్టిన” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. శివ మెల్లగా అడిగాడు, “ఎంత తాతా?”

“ముల్లు యాభై దాటింది. చెయ్యి నొచ్చి ఆపిన.”

జట్టులో ఒకతను పకపకా నవ్వాడు. ఇంకొకతను నవ్వలేదు. “అర్జీ రాసిందీ తాతనే, గాలి కొట్టిందీ తాతనే. కావాలనే కొట్టిండేమో” అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. దుకాణంలో ఒక్క నాసి ట్యూబు అంటగట్టలేదు నేను. నా నోట మాట రాకముందే అనిత అందుకుంది.

“చుప్! తాత కట్ట మీద వంద తిట్లు తిడ్తడు. గట్లాంటి పని చెయ్యడు. మెత్తగ ఉండాల్నని తెల్వక కొట్టిండు.” తర్వాత నాకు చెప్పింది, రాళ్ళ మీద మెత్తటి టైరే పరుచుకొని పట్టుకుంటుందట. గట్టి టైరు ఎగురుతుందట. నలభై ఏళ్ళూ తారు రోడ్డు సైకిళ్ళకే గాలి కొట్టానని ఆ గుట్ట మీద తెలిసింది.

నేను ఊరుకోలేదు. పందెం పెట్టినవాళ్ళ షామియానా దగ్గరికి పోయి, ఈ పందెం చెల్లదు, మళ్ళీ పెట్టండని నిలదీశాను.

“మీ మనుమరాలా పెద్దాయనా?” అని వాళ్ళలో ఒకాయన అడిగాడు.

“కాదు. మా ఇద్దరికీ పడదు.”

గాలి ఎవరు కొట్టినా సైకిల్ తొక్కినవాళ్ళదే బాధ్యత అన్నాడాయన. న్యాయంగానే ఉంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

అనితకు సాయంత్రం షిఫ్టు ఉండటంతో మేమిద్దరం ముందే బయలుదేరాం. పదకొండు గంటలకు బస్సు. సైకిల్‌ను వెనక పెట్టాం. మా సీట్లో మూడో మనిషిగా చింతపండు మూటతో ఒక పెద్దావిడ. బస్సు కదిలిందో లేదో అనిత మొదలుపెట్టింది.

“మాట మాటే తాతా. నాలుగోదాన్నే వచ్చిన. రేపటి సంది కట్ట మీదికి రాం.”

“నేను గాలి కొట్టి నిన్ను ఓడగొట్టి, గెలిచినన్ని చెప్పుకోవాల్నా? అర్జీ చింపేస్త.”

“నీ దయ నాకొద్దు.”

“దయ కాదే పిల్లా, ఇది నా ఇజ్జత్!”

మూట పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, విషయమేమిటని అడిగింది. నేను చెప్పాను. అరగంట పట్టింది, ఎందుకంటే పంపు ముల్లు దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వు ఆగక రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. కళ్ళు తుడుచుకొని తీర్పు చెప్పింది.

“అన్నా, ముప్పై రెండు మంది నీ మాట మీదనే సంతకం పెట్టిండ్రు కదా? ఒక్కనివే చింపుతె ఎట్ల? ఇప్పుడు నాకు చెప్పినట్టే వాళ్ళకు చెప్పు. విన్నంక వాళ్ళనే అననియ్యి, ఈ పిల్ల కట్టకు రావాల్నో వద్దో.”

అనిత నా మొహం చూసింది. “గట్లయితే నాకు ఒప్పే. చెప్తవా తాతా?”

ఆ ముప్పై రెండు మందిలో రిటైరైన పంతులు ఒకాయన ఉన్నాడు. బడికి పోనివాడివంటూ ఏడేళ్ళుగా నాతో ప్రతి విషయానికీ వాదిస్తాడు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నాది తప్పని నేను ఒప్పుకోలేదు. సైకిళ్ళ సంగతిలో అయితే ఆయన నోరు తెరవడానికి కూడా భయపడతాడు. కల్వకుర్తి వచ్చేదాకా జేబులోని అర్జీని తడుముకుంటూ కూర్చున్నాను. మూట పెద్దావిడ అక్కడ దిగిపోతూ, “చెప్పు అన్నా, మంచిగ చెప్తున్నవ్” అంది. బస్సు మారి కూర్చున్నాక, చెప్తానన్నాను.

రెండుంబావుకు జడ్చర్ల. అనిత ఫ్యాక్టరీకి ఇక్కడే దిగాలి. సైకిల్‌ను ఇంటికి చేర్చే పని నా మీద వేసింది. కుంటుకుంటూ మెట్లు దిగి, కిటికీ దగ్గరికి వచ్చింది.

“జాగ్రత్త తాతా. గాలి మాత్రం ముట్టకు.”

బస్సంతా విన్నది.

మహబూబ్‌నగర్‌లో దిగి చక్రాలు బిగించుకున్నాను. రెండు రోజుల ప్రయాణంలో నాకు తేలిందేమిటంటే, ఈ పిల్లలు మా కాలంవాళ్ళకంటే ఎక్కువ ఖర్చు పెడతారు, తక్కువ తింటారు. పడ్డచోట కూర్చోరు. దేవరకొండ పోయేవాళ్ళు వాళ్ళను చూడటానికైనా పోవచ్చు. ఎవరి సైకిల్ మీదా చేయి వేయకపోతే చాలు.

ఎండ చల్లబడేదాకా బస్టాండులోనే ఆగి, సైకిల్ నడిపించుకుంటూ అటునుంచటే కట్టకు పోయాను. సాయంత్రం నడకకు అందరూ వస్తున్నారు. పంతులు ముందుగా చూసి, నా చేతిలో సైకిల్ చూసి నిలబడిపోయాడు.

“ఏందిది? గెలిచినమా ఓడినమా?”

“నేను ఓడగొట్టిన. అందరిని కూసోమను, చెప్తా. మధ్యల నవ్వొద్దు” అన్నాను.

ఇంకేమీ చెప్పకముందే పంతులు నవ్వడం మొదలుపెట్టాడు.