వణికే జీపు, గుడివాడ మావయ్య

మా కింది వాటాలో ఉండే బ్యాంకు మేనేజరుగారు ఈ మధ్య ఓ పాత జీపు కొన్నారు. సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి బురదలోనూ కొండల మీదా నడపడానికట. మా రోజుల్లో దారి లేక బురదలో నడిపేవాళ్ళం. ఇప్పుడు శుభ్రమైన రోడ్డు వదిలేసి బురద వెతుక్కుంటూ వెళ్తున్నారు. ఎవరి సరదా వాళ్ళది. ఆ జీపుకి ఓ జబ్బుంది. పరుగులో బాగానే ఉంటుంది గానీ, నిలబెట్టి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఐడ్లింగ్ కుదరడం లేదంటారు మెకానిక్కులు. ఇప్పటికి ముగ్గురు వచ్చి మూడు రకాలుగా చెప్పి వెళ్ళారట. రోజూ పొద్దున్న ఏడింటికి ఆయన దాన్ని స్టార్టు చేస్తారు. నేను పైన బాల్కనీలో కాఫీ గ్లాసుతో కూర్చుని ఉంటాను. మొన్న ఆ వణుకు వింటూ వింటూ కాఫీ తాగడం మర్చిపోయాను. మా కోడలు వచ్చి, "ఏంటండీ, ఎక్కడికెళ్ళిపోయారు?" అంది. గుడివాడ వెళ్ళానని చెబితే నవ్వుతుందని ఊరుకున్నాను.

అరవైల మొదట్లో సంగతి. నాకు ఇరవై నాలుగేళ్ళు. బందరులో మా అమ్మ పోయాక ఆ ఊళ్ళో నాకంటూ ఎవరూ మిగల్లేదు. లారీ మీద క్లీనరుగా తిరుగుతూ డ్రైవింగు నేర్చుకుని ఉన్నాను కాబట్టి, తెలిసినవాళ్ళెవరో చెబితే దివిసీమలో, నాగాయలంక అవతల ఓ ఆసామి దగ్గర జీపు డ్రైవరుగా కుదిరాను. ఆయనకి కాలవ పక్కన వరి చేలు, సముద్రం వైపు ఇసక నేలల్లో సరుగుడు తోటలు. యుద్ధంలో తిరిగిన జీపుని మిలటరీవాళ్ళు వేలం వేస్తే కొనుక్కొచ్చారు. "ఎద్దుబండి దిగబడే చోట కూడా ఇది దిగబడదయ్యా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. దిగబడేది. కానీ ఆయన ఎక్కనప్పుడే దిగబడేది కనక ఆయన మాట ఆయనకి నిజమే.

నాకిచ్చిన గది సరుగుడు తోట చివర, కలప దాచుకోవడానికి కట్టిన పెంకుల కొట్టంలో ఓ మూల. పగలంతా గాలికి సరుగుడు చెట్లు ఒకటే హోరు. ఆ హోరు వెనక సముద్రం హోరు. రెంటిలో ఏది ఏదో కొన్నాళ్ళకి తెలియడం మానేసింది. ఆసామి చెడ్డవాడేం కాదు గానీ నాతో ఆయనకి "ఎక్కించుకో", "ఆపు", "పోనీ" అనే మూడు మాటలతో పనైపోయేది. అన్నం నేనే వండుకునేవాణ్ణి. ఆవకాయ బద్దతో తినేసి గిన్నె కడుక్కునేవాణ్ణి. ఒకరోజు జీపు తుడుస్తూ దాని మడ్‌గార్డుతో, "కాస్త ఇటు తిరగవే" అన్నాను. అనేశాక, ఎవరైనా విన్నారేమోనని సిగ్గుపడి చుట్టూ చూసుకున్నాను. వినడానికి ఎవరూ లేరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఓ ఏడాది వానాకాలం వెళ్ళాక జీపుకి ఈ వణుకు పట్టుకుంది. నడుస్తున్నంత సేపూ బంగారంలా ఉండేది. ఏ గేదెల మందో అడ్డొచ్చి ఆగితే మాత్రం నాలుగుసార్లు దగ్గి చచ్చిపోయేది. పులిగడ్డ దగ్గర కాలవనీ రోడ్డునీ కలిపి కృష్ణ పాయ దాటించే అక్విడక్టు ఉందే, సన్నటి ఆ దారి మధ్యలో ఓసారి ఆగిపోయింది. వెనక బస్సు, ముందు చెరకు బళ్ళు, పక్కన కళ్ళు మూసుకుని ఆసామి. అందరూ దిగి తోశారు. ఇంటికొచ్చాక ఆయన, "నెలాఖరులోపు ఇది బాగుపడకపోతే అమ్మేస్తానోయ్. నాకు ఎద్దుబండే నయం" అన్నారు. జీపు పోతే నేనూ పోవాలి. ఎక్కడికో తెలియదు. అవనిగడ్డలో అడిగితే బస్సు డ్రైవర్లందరూ ఒకటే మాట చెప్పారు. "గుడివాడ తీసికెళ్ళు. మావయ్య చెవి పెడితే చాలు."

ఆయన అందరికీ మావయ్యే. గుడివాడలో స్టేషనుకి వెళ్ళే దారిలో తాటాకు షెడ్డు, దాని వెనకే ఇల్లు. అరవై దగ్గర పడ్డ మనిషి, బక్కగా, గ్రీజు పట్టిన ఖాకీ లాగుతో ఉండేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. ఆ సమయంలో షెడ్డులో ఎవరూ చుట్ట కూడా వెలిగించేవారు కాదు. నందివాడ వైపు నుంచి ట్రాక్టరు వస్తూంటే, అది కనపడకముందే ఎవరిదో, దానికేం రోగమో చెప్పేవారని పేరు.

మొదటి ఆదివారం వెళ్ళాను. ఆయన స్క్రూడ్రైవరు పెట్టి చాలాసేపు విన్నారు. ప్లగ్గులు విప్పి గీకారు, పాయింట్లు సరిచేశారు. "పోరా, గుర్రంలా ఉంటుంది" అన్నారు. బయల్దేరబోతుంటే వెనక ఇంట్లోంచి ఆవిడ వచ్చారు. మావయ్య భార్య కాబట్టి నాకు అత్తయ్య. ఎవర్నీ అడగకుండానే నాక్కూడా విస్తరి వేశారు. ఆ రోజు బొమ్మిడాయిల పులుసు. ఏడాదిన్నరగా నాకు ఇంకొకరు అన్నం వడ్డించింది లేదు. "ఇంకాస్త వేసుకో నాయనా, దూరం పోవాలి" అంటూ ఆవిడ గరిటె పట్టుకుని నిలబడితే, తలెత్తకుండా తిన్నాను. తలెత్తితే కళ్ళల్లో నీళ్ళు కనపడతాయని. ఆవిడ మావయ్యతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి నిలబడో, భుజం తట్టో చెప్పేవారు. ఆ వయసులో కూడా ఎంత అన్యోన్యం అనుకున్నాను.

పామర్రు దాటకముందే వణుకు మళ్ళీ మొదలైంది. రెండో ఆదివారం కార్బురేటరు కడిగారు. ట్యాంకులో పెట్రోలు వంపి, అడుగున నీళ్ళున్నాయేమోనని చూశారు. మూడో ఆదివారం ఇంజను పైభాగం విప్పి, వాల్వులు అరగదీసి, పొద్దుగూకుతుంటే అప్పగించారు. ప్రతిసారీ ఆయన ఐడ్లింగ్ స్క్రూ కాస్త బిగించి పంపడంతో పామర్రు దాకా బాగానే ఉండేది. ఆ తర్వాత మామూలే. ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. బండి మళ్ళీ దగ్గినప్పుడల్లా నాకు లోపల ఎక్కడో ఓ మూల సంతోషంగా ఉండేది. ఇంకో ఆదివారం, ఇంకో విస్తరి. ఉద్యోగం పోతుందన్న భయం ఓ పక్కా, బండి బాగుపడితే గుడివాడ పోతుందన్న భయం ఇంకో పక్కా ఉన్న మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు.

నాలుగో ఆదివారం నాడు మావయ్య షెడ్డు ముందు వంగి కింద పడ్డ నట్టు వెతుక్కుంటున్నారు. బియ్యం లారీ ఒకటి వెనక్కి వస్తోంది. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నేను "మావయ్యగారూ!" అని అరిచాను. ఆయన కదల్లేదు. తీరిగ్గా నట్టు తీసుకుని లాగుకి తుడుస్తున్నారు. పరిగెత్తుకెళ్ళి రెక్క పట్టుకుని లాగేశాను. లారీ చక్రం ఆయన నిలబడ్డ చోటు మీదుగా పోయింది. ఆయన నా మొహంలోకి చూసి, "ఏంట్రా, చేతులు విరిచేస్తావా?" అని నవ్వారు. గుమ్మంలో అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం.

ఆ సాయంత్రం తిరిగి వస్తూ పులిగడ్డ ఇవతల, ఎవరూ లేని చోట చేల పక్కన బండి ఆపాను. ఇన్నాళ్ళూ విన్నది ఆయనే, నేనెప్పుడూ వినలేదు. ఆయన వింటున్నారన్న ధీమా. ఇంజను ఆగిపోకుండా ఐడ్లింగ్ స్క్రూ ఇంకాస్త బిగించి, చెవి ఒగ్గి అంగుళం అంగుళం వెతికాను. ఇంజను మోతలో ఎక్కడో సన్నగా "ఉస్స్" అని బుస. ఆ జీపు అద్దం మీది వైపరు ఇంజను పీల్చే గాలితోనే తిరిగేది. దానికోసం ఇంజను నుంచి అద్దం దాకా ఓ రబ్బరు గొట్టం ఉండేది. వైపరు ఎప్పుడో పాడైపోయింది కనక ఆ గొట్టాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఉప్పుగాలికి దాని అడుగున నిలువునా చీలిక వచ్చింది. దాంట్లోంచి ఇంజను దొంగగాలి పీల్చుకుంటోంది. చీలిక మీద వేలు పెట్టాను. వణుకు టక్కున ఆగిపోయింది. వేలు తీశాను. మళ్ళీ వణికింది.

సైకిలు ట్యూబు ముక్క చుట్టేస్తే అక్కడితో అయిపోయేది. చుట్టలేదు. నాలుగు వారాలు మావయ్యకి దొరకనిది ఓ సరుగుడు తోట డ్రైవరుకి దొరికిందంటే, ఆ మాట సాయంత్రానికల్లా బస్సుల మీద ఉయ్యూరు దాకా పోతుంది. దాని వెనకే ఎందుకు దొరకలేదన్న ప్రశ్న కూడా పోతుంది. ఆసామి దగ్గర చేతులు కట్టుకుని, "ఈ ఒక్క ఆదివారం ఇప్పించండి" అన్నాను. "ఇదే ఆఖరు" అన్నారాయన.

అయిదో ఆదివారం నేను షెడ్డులో బండి ఆపగానే, మావయ్య ఇద్దరు లారీ డ్రైవర్ల ముందే, "బెజవాడ తీసికెళ్ళరా. ఇది నా వల్ల కాదు" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం గుడ్డతో తుడుచుకుంటున్నాయి, తుడుచుకుంటూనే ఉన్నాయి. నేను ఆయనకి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా నిదానంగా అన్నాను.

"బెజవాడే వెళ్తానండీ. వెళ్ళేముందు ఈ వైపరు గొట్టం ఓసారి చూడండి. వానొస్తే కష్టంగా ఉంది."

ఆయన నా పెదాలు చూస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది. ఇంజను ఆపకుండానే వంగి గొట్టాన్ని వేళ్ళతో తడుముకుంటూ వచ్చారు. ఓ చోట వేలు ఆగింది. గొట్టం ఆయన వేలిని పట్టి లోపలికి లాగింది. రెండో చెయ్యి మడ్‌గార్డు మీదుంది. అక్కడ వణుకు నిలిచిపోయింది. ఆయన వేలు తీశారు. మడ్‌గార్డు వణికింది. మళ్ళీ పెట్టారు. అలా నాలుగైదుసార్లు పెట్టి తీసి, చిన్నపిల్లాడిలా ఫక్కుమని నవ్వారు. "చూశావా, చేత్తోనే పట్టేశాడు మావయ్య!" అన్నాడు లారీ డ్రైవరు. పావుగంటలో కొత్త గొట్టం వేశారు. జీపు ఆ షెడ్డులో అలికిడి లేకుండా నిలబడి ఉంటే, నాకది వేరే ఎవరి బండో అనిపించింది.

లారీలవాళ్ళు వెళ్ళిపోయాక ఇద్దరం కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటున్నాం.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

"గొట్టం సంగతాండీ?"

"అది కాదు."

ఆయన వైపు తిరిగి, "లారీ వెనక్కొచ్చిన రోజు" అన్నాను.

ఆయన తలూపారు. "రెండేళ్ళయిందిరా. ముందు పిచికలు పోయాయి. వాటితో నాకేం పనిలే అనుకున్నా. తర్వాత మీ అత్తయ్య గాజులు పోయాయి. ఇంజను చప్పుడొక్కటీ మిగుల్తుందనుకున్నా. అదీ నూతిలోంచి వచ్చినట్టు వచ్చి వచ్చి, ఆగిపోయింది. చెబితే బళ్ళు రావు. బళ్ళు రాకపోతే మనుషులు రారు. ఇంతమంది మధ్యన కూర్చుని, అందరూ నవ్వితే నేనూ నవ్వుతా. ఎందుకో తెలీదు."

నేను తల వంచుకుని వేళ్ళ సందుల్లో గ్రీజు రుద్దుకుంటూ, "నాకు వినపడుతుందండీ. నాతో మాట్లాడేవాళ్ళే లేరు" అన్నాను. ఆయన నా మొహం చూడటం లేదు. ఆ మాట ఆయనకి అందలేదు. మళ్ళీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. జీవితంలో ఆ మాట నేను పైకి అన్నది ఆ ఒక్కసారే. లోపలికెళ్ళి అన్నం తిన్నాం. బండెక్కుతుంటే అత్తయ్య దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి వేశారు.

జీపు బాగుపడింది. ఉద్యోగం నిలిచింది. ఆదివారాలు పోయాయి. "ఇంక గుడివాడ దేనికోయ్?" అన్నారు ఆసామి. నిజమే, దేనికని చెప్పను? సరుగుడు హోరులో కూర్చుని గిన్నె కడుక్కునే పనిలో పడ్డాను. కొన్నాళ్ళకి అవనిగడ్డ బస్టాండులో ఎవరో చెప్పారు, మావయ్య షెడ్డుకొచ్చిన ప్రతివాళ్ళకీ, "నాకు వినపడదు. ఎదురుగా నిలబడి చెప్పండి. బండి సంగతి చేత్తో చూస్తా" అని తనే చెప్పేస్తున్నారట. బళ్ళు కొన్ని తగ్గాయిట గానీ, ఆగిపోలేదుట. ఆ రోజు నేను రెండు కప్పులు టీ తాగాను.

మూడేళ్ళ తర్వాత ఏలూరు వైపు బస్సు డ్రైవరుగా ఉద్యోగం దొరికి దివిసీమ వదిలేశాను. వెళ్తూ వెళ్తూ గుడివాడలో బస్సు మారాల్సి వచ్చి, గంట టైముంటే షెడ్డు దాకా నడిచాను. మావయ్య నాకు వీపు పెట్టి ఓ వ్యాను ముందు నిలబడి ఉన్నారు. అరచెయ్యి బానెట్టు మీద పరిచి, తల కొంచెం వంచి, బిడ్డ జ్వరం చూస్తున్న తల్లిలా. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. పిలిస్తే వినపడదు. వెళ్ళి భుజం తట్టాలి, అంతే. పది అడుగులు. ఆయన ధ్యానం చెడగొట్టడం ఎందుకని ఒకటి, నన్ను గుర్తుపట్టకపోతే ఎలాగని ఒకటి, బస్సుకి టైమవుతోందని ఇంకొకటి. సాకులకి ఆ వయసులో కరువుండదు. మళ్ళీ ఎప్పుడైనా తీరిగ్గా వద్దాంలే అనుకుని వెనక్కి తిరిగాను. ఆ తర్వాత నేను గుడివాడ వెళ్ళేసరికి అక్కడ షెడ్డూ లేదు, వెనక ఇల్లూ లేదు. అత్తయ్య ఎవరి దగ్గరికి వెళ్ళారో చెప్పేవాళ్ళు కూడా లేరు.

ఇరవైల్లో ఉన్నవాడికి "మళ్ళీ" అన్నది ఎంత పొడుగాటి మాటో. అది ఇంత పొట్టిదైపోతుందని ఆ రోజు గేటు దగ్గర నాకెవరు చెబుతారు?