ఇరవై ఏడో ప్యాచ్

గ్లెనిస్ ట్రెగెంజాను కెర్నల్ వాళ్లు చీపురమ్మ అంటారు. ముఖం మీదే అంటారు, ఆవిడ ఏమీ అనుకోదని. అనుకునేది. అనుకుని, మళ్లీ ఊడ్చే పనిలో పడిపోయేది.

వాలరూ రేవులో ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన మనిషి. ఎక్స్‌ఛేంజికి ఇక మనుషులు అక్కర్లేదని తేల్చాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, కంప్యూటర్‌కి అడుగున ఉండి మిగతావాటన్నిటినీ మోసే కెర్నల్ కోడ్‌ని శుభ్రం చేయడం మొదలుపెట్టింది. జీతం లేదు, భత్యం లేదు. ఎవడో పాతికేళ్ల కిందట అడ్డదిడ్డంగా రాసి పోయిన వరసలు సర్దడం, ట్యాబ్ ఉండాల్సిన చోట కొట్టిన ఖాళీలు ఏరేయడం, అన్నిటికన్నా ముఖ్యంగా యంత్రం తన సంగతులు రాసుకునే లాగ్‌లో పడే మాటలు చక్కదిద్దడం. ఒక్కో పరికరాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాముల్లో, "ఫెయిలైంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవి ఉండేవి. ఏది ఫెయిలైంది, ఎక్కడ, ఎందుకు? ఎక్స్‌ఛేంజిలో అలా చెబితే ఉద్యోగం ఊడేదనేది గ్లెనిస్. యంత్రానికి ఉన్నది ఒక్కటే నోరు, అది లాగ్. ఆ నోరు పెగలకపోతే నష్టపోయేది యంత్రం కాదు, దాన్ని నమ్ముకున్నవాళ్లు. అయినా ఈ పనిని పెద్దవాళ్లు చిన్నచూపే చూస్తారు. ఊడ్చేవాళ్ల మీద పడే చూపు ఎక్కడైనా ఒకటే.

అలా చూడనివాడు డెస్ పాస్కో ఒక్కడే అనుకుంది.

డెస్ అడిలైడ్‌లో, నీటి పంపుల్ని నడిపే పెట్టెలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. ట్యాంకులో నీటిమట్టం కొలిచే సెన్సర్‌ని ఆ పెట్టె తరఫున చూసుకునే డ్రైవర్‌కి అతనే పెద్దదిక్కు. అందులో ఎవరేం మార్చినా అతని చేతుల మీదుగానే పోవాలి. తొమ్మిదేళ్ల కిందట గ్లెనిస్ పంపిన మొదటి ప్యాచ్‌ని, అంటే కోడ్‌లో చేసిన చిన్న మార్పుని, ఆవిడ మెయిల్ ప్రోగ్రామే వరసలు విరగ్గొట్టి పాడుచేస్తే, కెర్నల్ వాళ్లందరికీ మెయిళ్లు చేరే లిస్టులో అందరూ నవ్వుతుంటే, ఫోన్ చేసి గంటసేపు ఓపిగ్గా నేర్పింది అతనే. అప్పట్నుంచీ ఏటా చలికాలం వాలరూ వచ్చి, జెట్టీ మీద ఆవిడ పక్కన నిలబడి గాలంతో స్క్విడ్ పట్టేవాడు. ఆవిడ మాంసం, దుంపలు కూరి చేసిన పాస్టీ తింటూ, టర్నిప్ తక్కువైందని ఏటా అదే వంక పెట్టేవాడు. పోతూ పోతూ గాలం ఆవిడ షెడ్డులోనే వదిలేసేవాడు.

కెర్నల్ వాళ్లకో కట్టుబాటుంది. ఒక ప్యాచ్ ఒక్క పనే చేయాలి. శుభ్రం అని రాస్తే శుభ్రమే చేయాలి, ప్రోగ్రాం నడక మారకూడదు. ప్యాచ్ కింద, రాసినవాళ్లు సంతకం పెట్టాలి, చూసినవాళ్లు 'చదివి చూశాను' అని పేరు పెట్టాలి. ఒకసారి లోపలికి చేరాక ఆ పేరు చెరిగేది కాదు. గ్లెనిస్‌కి ఉన్న పరపతల్లా ఆ పేరే. చీపురమ్మ చదివిందంటే ఒక్కో ఖాళీ లెక్కపెట్టిందని అర్థం.

మార్చిలో డెస్ నలభై ఒక్క ప్యాచ్‌లు వరసగా పంపాడు. మూడు రోజుల్లో ఇరవై ఆరు చదివింది. ప్యాచ్‌లు చేర్చుకోవడానికి మర్నాడే గడువు. మధ్యాహ్నం డెస్ ఫోన్ చేశాడు.

"మిగతావీ అవే చీపురమ్మా, ఖాళీలూ ట్యాబులూ. నీ పేరు పడితే రేపు లోపలికి పోతాయి."

కళ్లు మండుతున్నాయి. నలభై ఒక్కటికీ కలిపి ఒకే జవాబులో పేరు పెట్టేసింది. తొమ్మిదేళ్లలో అలా చేయడం అదే మొదలు.

సెప్టెంబర్లో లిస్టుకి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది మెర్వ్ హాడ్రిక్ అనే ముసలాయన. ఉత్తరాన ఎడారి అంచున, ఎనభై మంది ఉండే ఊళ్లో పంపు చూసుకుంటాడు. లిస్టు మర్యాదలేవీ తెలియవు. ఇదివరకు ట్యాంకులో సెన్సర్ చచ్చిపోతే పెట్టె మీద ఎర్ర లైటు వెలిగేదట. కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక పెట్టె మూగదైపోయిందట. సెన్సర్ చచ్చింది, పంపు ఆగింది, కుళాయిలో చుక్క రాకపోయాక గానీ ఊరికి తెలియలేదు. బాగుచేసే మనిషి రావడానికి నాలుగు రోజులు. "లైటు వెలిగుంటే ట్యాంకులో నీళ్లుండగానే పిలిచేవాణ్ణి," అని రాశాడు. "పసిపిల్లలున్న కొంపలివి."

గ్లెనిస్ ఆ డ్రైవర్‌లో జరిగిన మార్పుల చరిత్ర తిరగేసింది. పావుగంట పట్టింది. ఇరవై ఏడో ప్యాచ్. పైన 'ఖాళీల సర్దుబాటు, నడకలో మార్పు లేదు' అనుంది. సర్దిన వరసల మధ్యలో ఒక్క వరస మాత్రం వేరు. సెన్సర్ పలకడం లేదనే హెచ్చరికను డీబగ్ మెట్టుకి దించేశారు. ఆ మెట్టు మాటలు మామూలుగా లాగ్‌లో పడనే పడవు. హెచ్చరిక పడకపోతే లైటూ వెలగదు. కింద రెండు పేర్లు. రాసింది డెస్. చదివి చూసింది తను.

చెయ్యి జారి ఉంటుందనుకుంది. కంగారుపడతాడేమో, సర్దిచెబుదామనే ఫోన్ చేసింది.

"చెయ్యి జారలేదులే," అన్నాడు డెస్. ఎర్ర లైటు చూసి ఊళ్లవాళ్లు కంపెనీకి తెగ ఫోన్లు చేస్తున్నారట. సెన్సర్లు నాసిరకం. మార్చాలంటే వందల ట్యాంకులు ఎక్కాలి. లైటు సంగతి చూడమన్నారట పైవాళ్లు.

"సెన్సర్ల సంగతి చూడమన్లేదా?"

ఇది ఇంకెవరైనా చూశారా అని అడిగాడతను.

"డ్రైవర్ నీ చేతిలోదే కదా డెస్. నాకెందుకు పంపావు?"

"నీ పేరుంటే ఇంకెవరూ తెరిచి చూడరు. అందుకు."

ఇన్నేళ్లలో ఆవిడ పనికి దక్కిన పెద్ద మెప్పు అదే. దాన్నే కత్తిగా చేసి వాడుకున్నాడు.

వచ్చే విడతలో ఇంకో శుభ్రం ప్యాచ్‌లో కలిపి, చప్పుడు కాకుండా వెనక్కి పెట్టేస్తానన్నాడు. "లిస్టులో రాశావనుకో, ముందు పోయేది నీ పరువే. చదవకుండా పేరు పెట్టిందంటారు. ఆ తర్వాత నీ మాటకి విలువేముంటుంది, చెప్పు?"

అందులో అబద్ధం లేదు. అందుకే ఎక్కువ కాలింది.

ఆవిడ ఫోన్ పెట్టేసి ప్యాచ్ రాసింది. ఒక్క పని చేసే ప్యాచ్, హెచ్చరికను మళ్లీ పైమెట్టుకి ఎక్కించే ఒక్క వరస. పైన ఇలా రాసి లిస్టుకి పంపింది: "ఇరవై ఏడో ప్యాచ్ 'మార్పు లేదు' అంటూ హెచ్చరికను దాచింది. కావాలనే దాచానని డెస్ నాతో అన్నాడు. నేను దాన్ని చదవలేదు, చదివానని పేరు పెట్టాను. మెర్వ్ హాడ్రిక్ ఊరికి నాలుగు రోజులు నీళ్లు లేవు."

డెస్ దాన్ని లోపలికి తీసుకోలేదు. రెండు రోజులు చూసి, కెర్నల్‌లో అతని పైనున్నవాళ్లే ఆ ప్యాచ్ చేర్చుకున్నారు. ఇంకా ఎన్ని చదవకుండా పేరు పెట్టావని గ్లెనిస్‌ని అడిగారు. ఆ వరసలోనే ఇంకో పద్నాలుగు, అంతే అని రాసింది. వాళ్లు నమ్మలేదు. ఆవిడ పేరున్న మూడొందల పన్నెండు ప్యాచ్‌లూ మళ్లీ పంచుకుని చదవడం మొదలుపెట్టారు. కంపెనీని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నెల తిరక్కుండా మెర్వ్ ఉత్తరం వచ్చింది. "లైటు పొద్దుట్నుంచీ వెలుగుతోంది తల్లీ. సెన్సర్ మళ్లీ చచ్చింది. కంపెనీకి గంటకోసారి ఫోన్ చేస్తున్నా, వాళ్లకి నా గొంతు వింటే తలనొప్పి."

అది చదివి గ్లెనిస్ నవ్వింది. ఆ వారమే డెస్ దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది, గాలం కోసం శనివారం రానా అని. షెడ్డులోంచి గాలం తీసి, గుడ్డ చుట్టి, పోస్టులో పంపేసింది.

ఇరవై ఏడో ప్యాచ్ కింద మాత్రం ఇద్దరి పేర్లూ అలాగే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి.