కూలింగ్ గ్లాసు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దోళ్ళు ఊరికే అనలేదు. నేను జారింది ఒకే ఒక్క మాట. ఆ మాటతోనే నా బిల్డింగు నాశనమైపొయ్యింది.

తిరపతిలో చిన్న ఆఫీసు పెట్టుకొని, ఇండ్లకు ప్లాన్లు గీసుకుంటా బతికేదాన్ని. పూతలపట్టు దగ్గర రోడ్డు పక్కన ఒక పాల కంపెనీ హెడ్డాఫీసు కట్టాలని దాని ఓనరు నన్ను పిలిపించినాడు. "బెంగుళూరు మాదిరి అంతా అద్దాలే ఉండాలమ్మా. కరెంటు మాత్రం జాస్తి తాగకూడదు" అన్న్యాడు. మా ఎండలకు అద్దాల మేడంట! నవ్వొచ్చింది. అయినా ఒప్పుకొన్న్యాను. నడి ఎండాకాలంలో కూడా లోపల మనుషులు లైటు ఎయ్యకుండా, ఏసీని నమ్ముకోకుండా పని చేసుకొనే అద్దాల ఆఫీసు ఒకటి మా సీమలో నిలబెట్టి చూపించాలని నాకు పంతం. జీవితంలో అట్లాంటి పని ఒక్కటన్నా చెయ్యకపోతే ఇన్నేండ్లు గీసిందంతా దండగ అనిపించేది.

ఏడాది దాని మీదే కూర్సున్న్యాను. రోడ్డు పడమరకుండాది కాబట్టి ఆ పక్క అద్దం ఉండి తీరాలన్న్యాడు ఓనరు. సరేనని, దాని ముందర ఎండ నేరుగా పడకుండా నిలువు రెక్కలు గీసినాను. అద్దం కూడా మామూలుది కాదు. రెండు పొరలు, మధ్యలో గాలి, ఒక పొరకు కంటికి కనపడనంత సన్నటి పూత. వెలుతురును రానిచ్చి వేడిని ఆపతాది. సూసేదానికి తెల్లగా, మామూలు కిటికీ అద్దం మాదిరే ఉంటాది.

అద్దాలు తెప్పించే టయానికి నాకు డెంగీ జొరం. ఆస్పత్రిలో ఉండంగా సైటు సూపర్‌వైజరు ఫోన్ చేసినాడు. "మేడమ్, మీరు కాయితంలో రాసిన అద్దం షాపోళ్ళకు అర్థం కాలేదంట. ఏం చెప్పేది?" తల పగిలిపోతా ఉండాది. విడమరిచి చెప్పే ఓపిక యాడిది? "కూలింగ్ గ్లాసప్పా, లోపల సల్లగా పెట్టేది" అని ఫోన్ పెట్టేసినాను.

మా పక్క కూలింగ్ గ్లాసంటే ఏంది? పెండ్లికొడుకు ఊరేగింపులో పెట్టుకొనే నల్ల కళ్ళద్దాలు! చిన్నప్పట్నుంచీ నేనూ అట్లనే అన్న్యాను. ఆయప్పా అదే అనుకొన్న్యాడు. నేను లేచి సైటుకు పొయ్యేసరికి పడమటి గోడంతా నల్లద్దం బిగించేసినారు. అదీ ఒంటి పొర.

"ఇదేందప్పా ఇది!" అని అరిచినాను.

"మీరు చెప్పిందే గదా మేడమ్. ఉండేదాంట్లో బాగా నల్లంగా ఉండేది ఏరి తెచ్చినాను" అన్న్యాడు పాపం, మెచ్చుకుంటానేమోనని నా మొగం చూస్తా.

అంతలో ఓనరు వచ్చినాడు. "అబ్బబ్బా, ఏం స్టైలుగా ఉండాదమ్మా! ఆ రెక్కలింక వద్దులే, అందం దాచేస్తాయి" అన్న్యాడు. ఈ నల్లద్దం ఎండను మింగి లోపలికి కక్కతాది, పీకెయ్యండి అని అప్పుడే చెప్పాల. తప్పు నా నోటిదేనని ఒప్పుకోవాల. ఒప్పుకుంటే ఇంకెవురు పిలస్తారు నన్ను? ఆయన చెప్పినదానికి తల ఊపినాను. రెక్కలు తీసేసిన ప్లాను మీద సంతకం కూడా పెట్టినాను, సిగ్గులేనిదాన్ని.

మొన్న ఎండాకాలం ఆ ఓనరే మళ్ళీ పిలిచినాడు. అట్లాంటిదే ఇంకో బిల్డింగు కావాలంట. ఆయన వచ్చేలోగా మూడో అంతస్తులో పడమటి హాల్లోకి పొయినాను. పాడి రైతుల ఫోన్లు ఎత్తే ఆడపిల్లలు ఆడ కూర్సుంటారు. ఎండకు తట్టుకోలేక అద్దాలకు లోపల పేపర్లు అంటించుకొన్న్యారు. ఆ చీకటికి పట్టపగలు లైట్లు. ఏసీలు మోత మోగతా ఉండాయి గానీ సల్లదనం లేదు. అద్దం మీద చెయ్యి పెడితే చుర్రుమన్న్యాది. ఏడుపొచ్చింది నాకు.

కడుపుతో ఉండే ఒకమ్మాయి మెడ మీద తడి గుడ్డ ఏసుకొని ఫోన్ మాట్లాడతా ఉండాది. ఫోన్ పెట్టేసి నన్ను చూసి, "అక్కా, ఈ బిల్డింగు గీసినోళ్ళు యాడుండారో నీకేమన్నా తెల్సా? ఒక్క పూట ఈడ కూర్సోబెట్టాల" అన్న్యాది. అందురూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

"నాకు తెలీదు పాపా" అన్న్యాను.

ఆ పిల్ల బరువుగా లేచి, తన కుర్చీ నా తట్టు జరిపింది. "చెమటలు కారిపోతా ఉండాయి గదక్కా నీకు. నువ్వు కూర్సో" అన్న్యాది.

కూర్సున్న్యాను.